స్టాటిస్టిక్స్ డిగ్రీని మధ్యలో ఆపి న్యాయశాస్త్రంలో చేరడం సరైనదేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను మూడేళ్ల స్టాటిస్టిక్స్ డిగ్రీలో రెండవ సంవత్సరం పూర్తి చేయబోతున్నాను. మార్కులు బాగానే వస్తున్నాయి. చదువు బరువై పారిపోవాలన్న ఆలోచన నాకు లేదు. అయితే కిందటి ఏడాది మా పక్కింట్లో అద్దెకు ఉంటున్న వృద్ధ దంపతులకు ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. వారికి చూపు సరిగా ఆనదు గనుక అద్దె ఒప్పంద పత్రాన్ని నేనే చదివి వినిపించాను. గడువు గురించి అందులో ఉన్న ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకుని, ఆ నోటీసు చెల్లదని వారి న్యాయవాది వాదించారు. వారు ఆ ఇంట్లోనే ఉండగలిగారు. అదే వాక్యాన్ని నేను రెండుసార్లు చదివి కూడా దాని బలం గ్రహించలేకపోయాను. ఆనాటి నుంచి న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక నన్ను వదలడం లేదు.

ఉన్న డిగ్రీని ఇక్కడితో ఆపి వెంటనే లా కోర్సులో చేరాలా, లేక మిగిలిన సంవత్సరం పూర్తి చేసి ఆ తరువాత మారాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆపితే రెండేళ్లు వృథా అవుతాయని నాన్నగారు బాధపడుతున్నారు. మనసు లేని చోట మరో ఏడాది గడపడమూ వృథాయే కదా అని నాకనిపిస్తోంది. పైగా నేను నలుగురిలో తడబడకుండా మాట్లాడలేను. అటువంటివారికి ఈ వృత్తి పనికివస్తుందా? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసిన తరువాతే లా చదివాను. పద్నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఆపాలా, పూర్తి చేయాలా అన్న మీ ప్రశ్నకు జవాబు మీ మనసులో కన్నా మీరు ఏ దేశంలో ప్రాక్టీసు చేయదలచుకున్నారన్న దానిలోనే ఎక్కువగా ఉంది. వైద్యుడికి మనిషి శరీరం ఎక్కడైనా ఒకటే గాని, న్యాయవాదికి సరిహద్దు దాటితే చట్టమే మారిపోతుంది. ఆ చదువులోకి ప్రవేశించే ద్వారం కూడా మారిపోతుంది.

అమెరికాలో న్యాయవిద్య సాధారణంగా డిగ్రీ తరువాత చదివే మూడేళ్ల కోర్సు. ముందు చదివిన డిగ్రీ ఫలానా విషయంలోనే ఉండాలన్న నియమం లేదు. కనుక అక్కడైతే మధ్యలో ఆపడం అంటే ఎక్కవలసిన మెట్టును మీరే తీసివేసుకోవడం. ఇంగ్లండ్‌లో నేరుగా మూడేళ్ల లా డిగ్రీ చదవవచ్చు, లేదా మరో విషయంలో పట్టా పొంది సుమారు ఏడాది మార్పిడి కోర్సు చేయవచ్చు. సొలిసిటర్, అంటే ఎక్కువగా కోర్టు బయట సలహాలు, పత్రాల పని చూసే న్యాయవాది, కాదలచుకున్నవారికి 2021 నుంచి రెండు దశల ఉమ్మడి అర్హత పరీక్ష, దానితో పాటు రెండేళ్ల పని అనుభవం అనే పద్ధతి వచ్చింది. భారతదేశంలో ఇంటర్మీడియట్ తరువాత డిగ్రీ, లా రెండూ కలిపి చదివే ఐదేళ్ల సమీకృత కోర్సు, డిగ్రీ తరువాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బి అని రెండు దారులున్నాయి. న్యాయవిద్యకు ప్రమాణాలు నిర్ణయించే బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం ఐదేళ్ల కోర్సులో మధ్య సంవత్సరాల్లో చేరడానికి వీలు లేదు, అంటే వేరేచోట చదివిన రెండేళ్లను అక్కడ లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. భారతదేశంలో మీరు ఈ రోజు ఆపితే ముందున్నవి ఐదేళ్లు. పూర్తి చేస్తే ఒకటి, మూడు కలిపి నాలుగేళ్లు, చేతిలో రెండు పట్టాలు. ఇంగ్లండ్‌లో ఆపితే మూడేళ్లు, పూర్తి చేస్తే ఇంచుమించు రెండేళ్లు. జర్మనీలో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ న్యాయవిద్య మొదటి నుంచే వేరు. విశ్వవిద్యాలయంలో చదివి మొదటి రాష్ట్ర పరీక్ష, ఆపై రెండేళ్ల శిక్షణ, ఆ తరువాత రెండవ రాష్ట్ర పరీక్ష రాయాలి. వేరే విషయంలో పట్టా ఉందని ఆ దారి చిన్నదైపోదు కనుక అక్కడ మారేవారు త్వరగా మారడమే మేలు. నాన్నగారితో కూర్చుని ఈ సంవత్సరాలను కాగితం మీద వేసి చూపించండి. ఇరువైపులా భావాలే ఉన్నప్పుడు తెగని వాదన చాలాసార్లు అక్కడ తెగుతుంది.

వయసు గురించి మీరు అడగలేదు గాని, తరగతిలో రెండేళ్లు పెద్దవారు కావడం ఈ వృత్తిలో ఏమాత్రం లోటు కాదు. మొదటి సంవత్సరాల్లో సంపాదన నిదానంగా వస్తుందన్నది మాత్రం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

రెండవ సమాధానం

నేను న్యాయశాస్త్రం బోధిస్తాను. పై మిత్రులు దారుల గురించి చక్కగా చెప్పారు. అయితే ఏ దారి అని తేల్చుకునే ముందు, ఆ వాక్యం పట్ల మీకు కలిగిన ఆకర్షణ గెలుపును చూసి కలిగిందా, పనిని చూసి కలిగిందా అన్నది పరీక్షించుకోవాలని నా మనవి. న్యాయవాది రోజులో ఎక్కువ భాగం చదవడంలోనూ రాయడంలోనూ గడుస్తుంది. వాదించే సమయం అందులో చిన్న ముక్క.

నా విద్యార్థులతో నేను మొదట చదివించేది 1932లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న బ్రిటన్ ప్రభువుల సభ ఇచ్చిన డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ తీర్పు. 1928లో స్కాట్లండ్‌లోని పెయిస్లీలో ఒక మహిళకు ఆమె స్నేహితురాలు జింజర్ బీర్ అనే అల్లం పానీయం సీసా కొనిపెట్టింది. సగం తాగిన తరువాత, కుళ్ళిన నత్త అందులోంచి బయటపడిందని ఆమె దావా వేసింది. సీసా కొన్నది ఆమె కాదు కనుక అమ్మినవారితో ఆమెకు ఒప్పందం లేదు. తయారుచేసినవారితో అసలే లేదు. అయినా తయారీదారు ఆమె పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత కలిగి ఉన్నాడా? ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఉన్నాడన్నారు, ఇద్దరు లేడన్నారు. ఆ సీసాలో నిజంగా నత్త ఉందా లేదా అన్నది ఏ న్యాయస్థానంలోనూ తేలనే లేదు, ఎందుకంటే బాధ్యత ఉందా అన్న ప్రశ్న తేలిన తరువాత వ్యవహారం రాజీతో ముగిసింది.

ముందు మెజారిటీ అభిప్రాయం చదవండి. తరువాత విభేదించినవారిలో లార్డ్ బక్‌మాస్టర్ రాసినది చదవండి. రెండవది చదువుతున్నప్పుడు మీ నమ్మకం కదిలి, మళ్లీ మొదటిదానికి వెళ్లి ఎక్కడ తేడా వచ్చిందో వెదకాలనిపిస్తే, మీరు ఈ చదువుకు తగినవారే. ఎవరు గెలిచారో తెలిసింది చాలు అనిపిస్తే మాత్రం తొందరపడకండి. రాజ్యాంగ సవరణల హద్దుల మీద భారత సుప్రీంకోర్టు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పుతో మాత్రం మొదలుపెట్టవద్దు. 13 మంది న్యాయమూర్తులు వందల పేజీల్లో రాసిన ఆ తీర్పును మొదటి రోజే ఎత్తుకున్న ఉత్సాహవంతులు అలసిపోవడం నేను కళ్లారా చూశాను.

తడబాటు సంగతి: ఒప్పందాలు రాసేవారు, సంస్థలకు సలహాలిచ్చేవారు, పన్నుల చట్టాలు చూసేవారు కోర్టు మెట్లెక్కకుండానే జీవితమంతా న్యాయవాదులుగా గడుపుతారు. ఇక కోర్టులో కూడా న్యాయమూర్తి అడిగిన ప్రశ్నకు ఒక క్షణం ఆగి సరైన జవాబు చెప్పినవారినే ఎక్కువగా నమ్ముతారు.

మూడవ సమాధానం

నేను మధ్యలో ఆపినదాన్ని. ఆపినందుకు కాదు, ఆపిన పద్ధతికి బాధపడుతున్నాను. లా కోర్సులో సీటు ఖాయం కాకముందే పాత కళాశాలలో పేరు తీయించుకున్నాను. వారు బదిలీ పత్రం ఇవ్వడంలో ఆలస్యం చేయడంతో ప్రవేశాల గడువు దాటిపోయి, ఏ చదువూ లేకుండా ఒక సంవత్సరం ఇంట్లో కూర్చున్నాను. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా, కొత్త చోట ప్రవేశం కాగితం మీద ఖాయమయ్యే వరకు పాత సీటును వదులుకోకండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. చదువు మార్చుకునే ముందు ఆ నత్త కేసు తీర్పు తప్పక చదువుతాను. లెక్క చూసిన తరువాత మిగిలిన ఏడాది పూర్తి చేయడానికి నా మనసు మొగ్గుతోంది. అయితే ఆ ఏడాదిలో చదివే స్టాటిస్టిక్స్ నిజంగా న్యాయవాదికి పనికివస్తుందా, లేక నన్ను ఓదార్చుకోవడానికి నేనే అలా అనుకోవాలా?

మొదటి సమాధానం రాసినవారు

ఓదార్పు కోసం కాదు. ఇంగ్లండ్‌లో 1999లో ఒక తల్లికి ఇద్దరు పసిబిడ్డలను చంపిందని యావజ్జీవ శిక్ష పడింది. ఆమెదిలాంటి స్థితిమంతమైన, పొగతాగని కుటుంబంలో ఒక శిశువు హఠాత్తుగా మరణించే అవకాశం 8543లో ఒకటని, ఇద్దరూ అలా మరణించే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటని ఒక వైద్య నిపుణుడు సాక్ష్యమిచ్చాడు. ఆయన చేసిందల్లా ఆ సంఖ్యను దానితోనే గుణించడం. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డల మరణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఘటనలని ఎలా అనుకున్నారని మీరైతే వెంటనే అడిగేవారు. రెండవ తప్పు ఇంకా లోతైనది: తల్లి నిర్దోషి అయితే ఇద్దరు బిడ్డలు ఇలా మరణించే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఇద్దరు బిడ్డలు మరణించి ఉండగా ఆమె నిర్దోషి అయ్యే అవకాశం ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును వినేవారు రెండవదానికి జవాబుగా తీసుకునే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లోని గణాంక శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో దీన్ని బహిరంగంగా తప్పుపట్టింది. 2003లో ఆ శిక్ష రద్దయింది. అందుకు ప్రధాన కారణం వెల్లడించకుండా ఉంచిన ఒక వైద్య పరీక్ష ఫలితమే గాని, ఆ గణాంకం కూడా అప్పీలుకు బలమైన కారణం కాగలదని న్యాయస్థానం అభిప్రాయపడింది. అప్పటికి ఆ తల్లి మూడేళ్లకు పైగా జైలులో గడిపింది.

కనుక మిగిలిన ఏడాదిలో షరతులతో కూడిన సంభావ్యతను (ఒకటి జరిగిందని తెలిసినప్పుడు మరొకదానికి ఉన్న అవకాశం), పైన చెప్పిన రెండు ప్రశ్నలను కలిపే బేయెస్ సూత్రాన్ని శ్రద్ధగా చదవండి. డీఎన్‌ఏ సరిపోలిక కేసుల్లోనూ, ఉద్యోగాల్లో వివక్ష జరిగిందని లెక్కలతో రుజువు చేయవలసిన కేసుల్లోనూ నిపుణుడిని నిలదీయగల న్యాయవాదులు తక్కువ. చాలా దేశాల్లో విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. నిపుణుల సాక్ష్యం ఉన్న రోజు చూసుకుని వెనుక వరుసలో కూర్చోండి. ఆయన చెప్పిన అంకెల్లో ఎక్కడెక్కడ ప్రశ్న అడగాలో మీ నోటుపుస్తకంలో రాసుకోండి, తరువాత ఎదుటి న్యాయవాది అడిగినవాటితో పోల్చి చూసుకోండి.