అప్‌డేట్: తమ్ముడు పోయాక కౌన్సెలింగ్‌కి వెళ్లాలా అని అడిగాను కదా

నాలుగు నెలల క్రితం తమ్ముడు యాక్సిడెంట్‌లో పోయాక నిద్ర పట్టడం లేదని, ప్రార్థన చేయలేకపోతున్నానని రాశాను. మా చర్చి సంఘంలో కొందరు 'విశ్వాసం తక్కువైంది' అన్నారని, క్రైస్తవ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే మళ్లీ అదే మాట వినాలేమోనని భయపడ్డాను. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్ అండీ. వెళ్లాను.

ఆవిడ సైకాలజీ చదివిన మనిషి. మొదటి రోజే 'ప్రార్థన, బైబిల్ వాక్యం మన మాటల్లో ఉండాలా వద్దా, మీ ఇష్టం' అని అడిగారు. ఇక్కడ చెప్పేది పాస్టర్ గారి దాకా వెళ్లదని కూడా చెప్పారు. నా టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

మూడో వారం 88వ కీర్తన చదవమన్నారు. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది మాత్రం చీకటితోనే ముగుస్తుంది. అయినా బైబిల్‌లో ఉంది! చిన్నప్పటి నుంచి సండే స్కూల్‌కి వెళ్లినా ఇది ఎప్పుడూ గమనించలేదు. బైబిల్‌లో చచ్చిపోవాలనుకున్న ఏలీయా ప్రవక్తకి దేవదూత ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు అని కూడా గుర్తుచేశారు. అప్పుడు బాగా ఏడ్చాను.

నిద్ర కోసం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది కూడా ఆవిడే. మందులు వాడుతున్నాను. ఆదివారాలు ఇంకా కష్టంగానే ఉన్నాయి, పాటలు మొదలవగానే బయటికి వచ్చేస్తున్నాను. పోయిన వారం మాత్రం అమ్మ కూడా నాతో పాటు బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుంది. ఇద్దరం తమ్ముడి గురించి మాట్లాడుకున్నాం.