హైవే మీద చార్జింగ్: యూనిట్ 24 రూపాయలు దోపిడీనా, న్యాయమేనా?

ట్రంకురోడ్డు (నెల్లూరు):
పోయిన శనివారం పిలకాయలను ఎక్కించుకుని ఒంగోలులో పెళ్లికి పోయాను. మాది 30 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉన్న కరెంటు కారు. హైవే మీద ఏసీ వేసుకుంటే 180 కిలోమీటర్లు ఇస్తుంది. ఒంగోలు 120 పైన ఉంటుంది కాబట్టి పోవడానికి ఇబ్బంది లేదు, తిరిగి రావడానికే చార్జింగ్ కావాలి. వచ్చేటప్పుడు చార్జింగ్ యాప్‌లో పచ్చచుక్క ఉంటే పనిచేస్తుందనుకుని, అది ఉన్న చోట ఆగాను. చార్జర్ గన్ను కారుకు పెడితే ‘ప్రిపేరింగ్’ అని తిరుగుతానే ఉంది. మూడుసార్లు తీసి పెట్టాను. కస్టమర్ కేర్ అమ్మాయి ‘రీస్టార్ట్ చేస్తున్నాం సార్’ అంటూ 40 నిమిషాలు నిలబెట్టింది. రెండో చోట చార్జర్ బాగానే ఉంది గానీ, దాని ముందు రొయ్యల వ్యాన్ పెట్టి డ్రైవర్ భోజనానికి పోయాడు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, వక్కపొడి వేసుకుని వచ్చేదాకా ఆగాం. చివరికి 18 యూనిట్లు ఎక్కించుకుంటే 432 రూపాయలు. ఇంట్లో అయితే పై స్లాబు 9.75 వేసుకున్నా 176 దాటదు. ఈ మాత్రం సేవకు అంత రేటా? తగ్గించాల్సిందే అంటాను. మీరేమంటారు?

కావలి టాక్సీ:
తగ్గించమని నువ్వంటున్నావు, ఇంకో రెండు పెంచినా ఇస్తానని నేనంటాను. లెక్క చూడన్నా. బయట చార్జింగ్‌తో యూనిట్‌కు 6 కిలోమీటర్లు వచ్చినా కిలోమీటరుకు 4 రూపాయలు. పెట్రోలు లీటరు 109 అనుకుని, బండి 16 ఇస్తే 7కు దగ్గర. కాబట్టి ఇప్పటికీ మిగులే. నాకు పోయేది రేటు దగ్గర కాదు. చెన్నై ఎయిర్‌పోర్టుకు పార్టీని తీసుకుపోతుంటే నాయుడుపేట దాటాక చార్జర్ మొండికేసింది. పక్కదానికి పోయేంత చార్జ్ లేదు. పార్టీని వేరే బండి ఎక్కించాను, బాడుగ మొత్తం పోయింది. ఆ రోజు కరెంటు ఉత్తగా ఇస్తామన్నా నాకేం ఒరిగేది? ఇంకోటి, ఐదు కంపెనీలకు ఐదు యాప్‌లు, ఐదు వాలెట్లు. ఒక్కోదాంట్లో వందో రెండొందలో ఇరుక్కుని ఉంటాయి. చీటీ కట్టినట్టుంది నా పని.

ఒంగోలు గిత్త:
టాక్సీ అన్నా, నీకు గిట్టుబాటు అయితే అది న్యాయమైన రేటు అయిపోతుందా? చార్జింగ్ స్టేషన్‌కు డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) ఇచ్చేది యూనిట్ 6.70కి. దాన్ని 24కి అమ్ముతున్నారు. అందులో 18 శాతం జీఎస్టీ. కారు కొన్నప్పుడు 5 శాతమే వేసి కొనండి కొనండి అని, కొన్నాక చార్జింగ్ మీద 18 పిండుతున్నారు. ఇంటి కరెంటు మీద జీఎస్టీనే లేదు.

సింగరాయకొండ హోటల్:
నేను చార్జర్ పెట్టినవాడిని. తిట్టేముందు రవ్వంత వినండి. 24లో జీఎస్టీ తీసేస్తే 20.34. కరెంటు, చార్జర్‌లో వృథా అయ్యేది కలిపి 7 పైన. మిగిలేది 13. యాప్ కంపెనీ వాటా ఇందులోనుంచే. ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్, 60 కిలోవాట్ల చార్జర్ అన్నీ కలిపి నాకు 18 లక్షలు అయింది. సంక్రాంతికి క్యూ ఉంటుంది, ఒప్పుకుంటాను. మామూలు రోజు రెండు మూడు కార్లు, 50 యూనిట్లు. అంటే రోజుకు 650, నెలకు 19,500. 18 లక్షలకు రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 18,000. మిగిలిన 1,500తో యాప్ వాటా కట్టాలా, రాత్రి కాపలా మనిషికి ఇవ్వాలా? కాఫీ, టిఫిన్ అమ్ముడుపోతాయని పెట్టుకున్నాను గానీ చార్జింగ్ మీద బతకడానికి కాదు.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
రేటు సంగతి అలా ఉంచండి. ఆ పచ్చచుక్కకు అర్థం మీలో ఎవరికీ తెలిసినట్టు లేదు. చార్జర్ లోపల ఒక సిమ్ ఉంటుంది, అది సర్వర్‌తో మాట్లాడుతోందని ఆ చుక్క చెబుతుంది. అంతే. కరెంటు మార్చే పవర్ మాడ్యూల్ కాలిపోయినా చుక్క పచ్చగానే ఉండొచ్చు. ఎవరో పిల్లవాడు ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కిపోతే, మనిషి వచ్చి తిప్పి వదిలేదాకా చార్జర్ కదలదు. ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జింగ్ మొదలే కాదు. మన తీరం ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి. రోహిణి కార్తెలో చార్జర్ తన వేడికి తానే వేగం తగ్గించుకుంటుంది. ఒకే చార్జర్‌కు రెండు గన్నులుంటే, రెండో కారు రాగానే 60 కిలోవాట్లు కాస్తా 30, 30 అవుతుంది. ఇవన్నీ నెలకోసారి మనిషి వచ్చి చూస్తే సరిపోయే పనులు. ఆ మనిషిని పెట్టరు. మిచౌంగ్ తుఫాను (2023 డిసెంబర్) అప్పుడు స్తంభాలు పడ్డాయంటే అర్థముంది, ఎండ కాసే రోజు చార్జర్ పడుకుంటే అది డిస్కం తప్పు కాదు.

(కరెంటు తయారయ్యేది మన నేలటూరు థర్మల్ ప్లాంటులో, దానికోసం పడిగాపులు పడేది మనమే. ఇది చర్చకు సంబంధం లేదు, ఊరుకోలేక అన్నాను.)

మార్కాపురం పలక:
మీకు పనిచేయని చార్జరన్నా ఉంది! హైవే మీద ఒకటి పోతే 30 కిలోమీటర్లలో ఇంకోటి వెతుక్కుంటారు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాడు కింద ఒక్క చార్జర్ నమ్ముకుని వస్తాడు. అది ఎక్కకపోతే ఇంక మల్లన్నే దిక్కు. రాత్రి అడవిలో రాకపోకలు ఆపేస్తారు కూడా. కేంద్రం వాళ్ల పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు అన్నారు. అవీ జాతీయ రహదారి పక్కనే వచ్చి కూర్చుంటే మాకేంటి? మా మార్కాపురం వైపు రోజుకు కారు వచ్చేది ఒకటే అయినా, ఆ ఒక్కటికీ చార్జ్ ఎక్కాలి.

పెన్నా ఒడ్డు:
మా అమ్మాయి బ్రిటన్‌లో ఉంటుంది. అక్కడ 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న చార్జర్లు 99 శాతం సమయం పనిచేయాలని చట్టం. 2024 నవంబర్ నుంచి అమలు. తప్పితే ఒక్కో చార్జర్‌కు 10,000 పౌండ్ల దాకా జరిమానా. ఇక్కడ అలాంటిది ఏదైనా ఉంటే టాక్సీ అబ్బాయికి బాడుగ పోయేది కాదు.

ఒంగోలు గిత్త:
ఆ 99 శాతం కంపెనీ మొత్తానికి, ఏడాది సగటు. వంద చార్జర్లలో 99 బాగా పనిచేసి, దోర్నాలది ఏడాదంతా చచ్చిపడి ఉన్నా లెక్క సరిపోతుంది. పలక గారి కష్టం సగటులో కనపడదు.

సింగరాయకొండ హోటల్:
జరిమానా వేస్తే నాలాంటివాళ్లు చార్జర్ పీకేస్తారు, అంతే. యూనిట్‌కు ఇంత అని కాకుండా, పనిచేసిన రోజులకు ఇంత అని సర్కారు నాకు డబ్బులిస్తే రోజూ నేనే గన్ను పెట్టి చూసుకుంటాను. చార్జర్ పెట్టేటప్పుడు ఫొటో తీసుకుని సబ్సిడీ ఇస్తారు. ఏడాది తర్వాత అది బతికుందో లేదో అడిగేవాడు లేడు.

కావలి టాక్సీ:
ఇది బాగుంది. పెట్టినందుకు కాదు, పనిచేసినందుకు ఇవ్వాలి.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
పనిచేసిందని ఎవరు చెప్పాలి? మళ్లీ ఆ సర్వరేనా? ఎక్కిన యూనిట్లు మీటర్‌లో కనిపిస్తాయి. వారం రోజులుగా సున్నా ఉంటే ఎవరో ఒకరు పోయి చూడాలి. డిస్కం దగ్గర ఆ లెక్క ఉంటుంది, అడిగితే కదా.

ట్రంకురోడ్డు (నెల్లూరు):
హోటల్ అన్న వడ్డీ లెక్క చూశాక నాకు నోరు రావట్లేదు. జీఎస్టీ మాత్రం తగ్గించాలనే అంటాను, అది వదలను. సరే, పదహారు రోజుల పండగకు మళ్లీ ఒంగోలు పోవాలి. అన్నా, మీ చార్జర్ పనిచేస్తోందా?

సింగరాయకొండ హోటల్:
యాప్‌లో పచ్చగానే ఉంది.

ట్రంకురోడ్డు (నెల్లూరు):
యాప్ సంగతి కాదన్నా. ఈ రోజు ఏ కారన్నా ఎక్కించుకుందా?

సింగరాయకొండ హోటల్:
పొద్దున ఒకటి ఎక్కించుకుంది, 22 యూనిట్లు. బయలుదేరేటప్పుడు ఇక్కడ ఒక మాట రాయి. వ్యాన్లు రాకుండా ముందు రెండు కుర్చీలు అడ్డం వేయిస్తాను.