గురుభక్తులకొండ మీది భిక్షువుల గదులు చూడడానికి వెళ్లవచ్చా?

నాగావళి:
మేము శ్రీకాకుళంలో ఉంటాము. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని రామతీర్థం గుడికి ఏటా వెళుతున్నా, అక్కడి గురుభక్తులకొండ ఎప్పుడూ ఎక్కలేదు. పూర్వం బౌద్ధ భిక్షువులు నివసించిన గదులు ఆ కొండ మీద ఉన్నాయని విన్నాము. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని తీసుకువెళితే ఏమేమి చూడవచ్చు? ఒక రాత్రి అక్కడే ఉండే వీలుందా?

చంపావతి:
నాగావళి గారూ, పైకప్పులూ తలుపులూ ఉన్న గదులను ఊహించుకుని వెళితే మీ అబ్బాయి నిరాశపడతాడు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించగా బయటపడినవి ఇటుక పునాదులు, పొట్టి గోడల మొదళ్లు. నా మట్టుకు అవే చూడదగినవి. కొండకు ఉత్తరపు వైపున, పైన నిట్టనిలువు బండకూ కింద వాలుకూ నడుమ సన్నని చదును ఒకటి పొడవుగా సాగుతుంది. స్తూపం, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), విహారాలు (భిక్షువులు నివసించిన గదుల వరుసలు) ఆ చదును మీదనే కట్టారు, పక్కనే నీటి గుండం ఉంది. వానాకాలమంతా ఒకే చోట ఉండవలసిన భిక్షువులకు కొండ మీదే నీరు, భిక్షకు దిగివెళ్లగలిగినంత దూరంలో ఊళ్లు కావాలి కదా. అక్కడ నిలబడి చూస్తే ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారో అబ్బాయికి ఎవరూ చెప్పనవసరం లేదు. ఓపిక ఉంటే ఎదుటి దుర్గకొండ గుహలోని జైన శిల్పాలు కూడా చూడండి.

వంశధార:
రాత్రి బస ఆలోచన మానుకోండి. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని స్థలం, చీకటి పడేలోగా దిగిపోవాలి. 1958 నాటి చట్టం ప్రకారం కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు, కాబట్టి గోడల మీద కూర్చుని ఫొటోలు దిగడం, ఇటుక ముక్కలు ఏరుకోవడం వద్దు. ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో తుపాను వానలకు బండలు జారుతాయి. సంక్రాంతి ముందూ వెనకా వెళ్లడం మేలు. శ్రీరామనవమికి మాత్రం వద్దు, ఆ జనంలో బండి నిలపడానికే పూట గడిచిపోతుంది.

నాగావళి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అమ్మగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

చంపావతి:
అయితే ముందు మీకు దగ్గరలోనే ఉన్న శాలిహుండం చూడండి. వంశధార నది దక్షిణ తీరాన ఉన్న ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి గారే. పైకి మెట్ల దారి ఉంది, విహారాల పునాదులూ స్తూపాలూ స్పష్టంగా కనిపిస్తాయి. అమ్మగారు ఎక్కలేకపోతే కిందనున్న మ్యూజియంలో కూర్చుని విగ్రహాలు చూడవచ్చు. గురుభక్తులకొండకు మీరూ అబ్బాయీ వేరుగా, మంచినీళ్లు వెంట పెట్టుకుని, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి.