జువెనైల్ హోం నుంచి బయటికొచ్చిన పిల్లాడు మారాడని ఎట్లా తేల్చాలి?

బుడ్డలచేను (అనంతపురం): మాది చిన్న సంస్థ. కేసుల్లో ఇరుక్కున్న పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలతో పనిచేస్తాం. డబ్బులిచ్చేవాళ్లు మార్చిలోపు ఫలితం చూపించమన్నారు. మా దగ్గరున్నది కౌన్సెలింగ్ రిజిస్టరు, కొన్ని ఫొటోలు. ఎన్ని సిట్టింగులు జరిగాయో ఠక్కున చెప్తాను. ఎవరు మారారంటే నోరు పెగలదు. మీరంతా ఏం కొలుస్తున్నారు?

తుంగభద్ర (కర్నూలు): మేము చాన్నాళ్లు 'మళ్లీ కేసు రాలేదు' అన్నదే కొలిచాం. పోయినేడు ఇళ్లకెళ్లి చూస్తే గుట్టు బయటపడింది. కోసిగి వైపు ఒక పిల్లాడి ఇంటికి తాళం. "మిరపకాయ కోతకు గుంటూరు పోయినారు నాయనా, ఉగాదికి వస్తారు" అంది పక్కింటి అవ్వ. మా షీట్‌లో వాడు 'సక్సెస్'! అక్కడ కేసైనా మాకెట్లా తెలుస్తుంది? అప్పట్నుంచి 'తెలీదు' అని మూడో గడి పెట్టాం. అది నింపేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

ఏడురోడ్ల వకీలు (కడప): తెలియడం లేదని స్టేషన్ రికార్డుల వెంట పడొద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు దాటాక ఆ రికార్డులు తీసేయాలి, తీవ్రమైన కొన్ని కేసులు తప్ప. పిల్లల పేర్లు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ ఉంది, కాబట్టి మీ రిపోర్టులో పేర్లు, ఫొటోలు ఉండకూడదు. ఆ ఆల్బమ్ పక్కన పెట్టేయండి. పిల్లాణ్ని మొదటిసారి జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) ముందుకు తెచ్చిన పదిహేను రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. ఇల్లు, బడి, స్నేహాలు అందులో ఉంటాయి. ఆనాడు ఎట్లున్నాడు, ఇప్పుడెట్లున్నాడు అని పోల్చాలంటే మొదలు అక్కడే.

పెన్నాగట్టు (కడప): కేసుల లెక్కతో ఇంకో తంటా. ఊళ్లో సెల్‌ఫోన్ పోతే ముందు పట్టుకొచ్చేది పాత పిల్లాణ్నే. కొత్త ఎస్సై వచ్చి బైకులు ఆపడం మొదలుపెట్టాడంటే ఆ ఏడు మన పిల్లలంతా చెడిపోయినట్టే లెక్క వస్తుంది. మధ్యలో మానేసినవాళ్లనూ తీసేయొద్దు. చివరిదాకా ఉన్నవాళ్లనే లెక్కేస్తే ఏ సంస్థ అయినా నూటికి తొంభై అంటుంది.

బుడ్డలచేను: అన్నా, మరి కొలవడానికి మిగిలేదేంది?

తుంగభద్ర: మాకు అనుకోకుండా ఒకటి దొరికింది. మా పిల్లాడొకడు టూవీలర్ మెకానిక్ దగ్గర పనికి కుదిరాడు. ఆ మేస్త్రీ గోడమీది క్యాలెండర్‌లో నాగా పెట్టిన రోజుకు ఎర్ర స్కెచ్చుతో సున్నా చుడతాడు. మొదటి నెలలో పదకొండు సున్నాలు. దసరా నెలకు రెండే, అందులో ఒకటి జ్వరం. ఆ రెండు పేజీలూ ఫొటో తీసి ఫైల్లో పెట్టాను, పేరు లేకుండానే. ఆయన ఇప్పుడు గల్లాపెట్టె తాళం వాడికిచ్చి భోజనానికి పోతున్నాడు. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు ఇంకా తెలీదు.

పెన్నాగట్టు: ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి అవే ప్రశ్నలు అడగండి. పనికి పోతున్నాడా, ఇంట్లో పడుకుంటున్నాడా, రాత్రి గొడవైతే ఎవరికి ఫోన్ చేస్తాడు. మూడోదానికి పేరు చెప్పలేని పిల్లాడంటే నాకు టెన్షన్.

బుడ్డలచేను: ఆదివారం రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటాను. ఇద్దరు బళ్లారి పోయారని విన్నా, నంబర్లు మారిపోయాయి. ప్రస్తుతానికి వాళ్లు 'తెలీదు' గడిలోకే. ఆ వైపు తిరిగేవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.