ఏటిగట్టు ఎక్కలేకపోతున్న పాత జీపు: ఏ క్లచ్ సెట్టు కొనాలి?

రాజోలు జీపు:

అందరికీ నమస్కారం. మా తాతగారు కొన్న మహీంద్రా సీజే3బీ జీపు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. దానితో వచ్చిన హరికేన్ పెట్రోలు ఇంజనును 1980లలోనే దించేసి, ఇంటర్నేషనల్ కంపెనీ డీజిల్ ఇంజను ఎక్కించారు. గేరుబాక్సు మాత్రం మూడు గేర్ల పాతదే ఉంచారని మా నాన్నగారు చెబుతారు. ఆ పని చేసిన మేస్త్రిగారు ఇప్పుడు లేరు. ఏమేం మార్చారో రాసిన కాగితం ముక్క కూడా లేదు.

మాది చదును నేల కాబట్టి ఊళ్ళో తిరిగినంతసేపు బండిలో ఏ లోపమూ కనిపించదు. ఏటిగట్టు ఎక్కేటప్పుడు, చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను అరుపు పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. పోయిన నెల సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) దిగి ఒడ్డెక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాను. మూడోసారి కాలిన వాసన రావడంతో పంటు మీదున్న వాళ్ళే దిగి నెట్టారు.

క్లచ్ మార్చాలని అర్థమైంది గాని, ఏది కొనాలో తేలడం లేదు. సీజే3బీ అని చెబితే ఒక దుకాణంలో ఎనిమిదిన్నర అంగుళాల ప్లేటు చేతిలో పెట్టారు. డీజిల్ ఇంజను అని చెబితే ఇంకో దుకాణంలో అంతకంటే పెద్ద సెట్టు చూపించారు. మా ఊరి మెకానిక్ పాత ప్లేటుకే కొత్త లైనింగు (రాపిడితో పట్టునిచ్చే పొర) వేయిస్తే చాలంటున్నారు. ట్రాక్టరుకు వేసే బటన్ ప్లేటు (లైనింగుకు బదులు గట్టి బిళ్ళలు ఉండేది) వేయించుకుంటే ఇక జన్మలో విప్పే పని ఉండదని మా బావమరిది పట్టుబడుతున్నాడు. వీటిలో దేన్ని నమ్మాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాలకొల్లు షెడ్డు:

రెండు దుకాణాల వాళ్ళూ మీరు చెప్పిన పేరును బట్టి వస్తువు ఇచ్చారు, అందులో వాళ్ళ తప్పు లేదు. కాని మీ బండికి ఆ పేరు ఇప్పుడు సగమే వర్తిస్తుంది. క్లచ్ ప్లేటుకు ఇద్దరు యజమానులు. దాని అంచు ఫ్లైవీలు (ఇంజను వెనకనున్న బరువైన చక్రం) మాట వినాలి, దాని నడుమనున్న బొడ్డు గేరుబాక్సు షాఫ్టు మాట వినాలి. మీ ఫ్లైవీలు డీజిల్ ఇంజనుతో వచ్చింది, షాఫ్టేమో పెట్రోలు జీపుది. అందువల్ల ఏ ఒక్క బండి పేరు చెప్పి అడిగినా రెండూ కుదిరే ప్లేటు దొరుకుతుందన్న హామీ లేదు. మీ బండిలో ఇన్నాళ్ళూ తిరిగిన ప్లేటు బహుశా ఒక ప్లేటు అంచుకు మరో ప్లేటు బొడ్డు తెచ్చి రివెట్లు కొట్టినది అయి ఉంటుంది. ఆ రోజుల్లో మా షెడ్డులోనూ అలా చేశాం. గేరుబాక్సు దించినప్పుడు బొడ్డు చుట్టూ ఉన్న రివెట్లన్నీ ఒకే రకంగా ఉన్నాయో లేదో చూడండి.

అయితే కొనడం గురించి ఆలోచించే ముందు, పైసా ఖర్చు లేని రెండు పరీక్షలు చేయండి.

మొదటిది పెడల్ ఆట. చేత్తో మెల్లగా నొక్కితే, రిలీజ్ బేరింగు వెళ్ళి ఫింగర్లకు (క్లచ్‌ను విడిపించే చిన్న మీటలకు) తగిలేలోపు పెడల్ సుమారు ఒక అంగుళం ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ లేకపోతే బేరింగు ఎప్పుడూ ఫింగర్లను కొంత నొక్కే ఉంచుతుంది కాబట్టి, ఎంత కొత్త ప్లేటు వేసినా జారుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళ బండిలో పెడల్‌కూ, ఆ బేరింగును నెట్టే ఫోర్కుకూ మధ్యనున్న అడ్డ షాఫ్టు, దాని గుండు గిన్నెలు అరిగిపోయి ఉంటాయి. వాటిని కూడా కదిపి చూడండి.

రెండోది నూనె. క్లచ్ పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. రాత్రి బండి నిలిపి, దాని కింద తెల్ల కాగితం పరిచి, పొద్దున్నే చూడండి. చుక్కలు పడి ఉంటే వేలితో తీసి రుద్ది, వాసన చూడండి. నల్లగా, పలచగా ఉంటే అది ఇంజను వెనక సీలు నుంచి వచ్చిన నూనె. జిగటగా ఉండి గంధకం వాసన కొడితే గేరుబాక్సు నుంచి వచ్చింది. ఈ మూడు గేర్ల పెట్టెలో ముందు బేరింగు మూతకు అడుగున నూనె వెనక్కి పోయే సందు ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఎవరో కాగితం గాస్కెట్టు కోసేటప్పుడు ఆ సందును మూసేస్తే, పోవలసిన నూనె దారి లేక షాఫ్టు వెంట క్లచ్‌లోకి వస్తుంది. గేరుబాక్సూ, దాని వెనకనున్న ట్రాన్స్‌ఫర్ కేసూ (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) ఒకదాని నూనె మరొకటి పంచుకుంటాయి కాబట్టి, గాలి పోయే గొట్టం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది.

నూనె సంగతి ఇంతగా ఎందుకు పట్టించుకోవాలో లెక్క కట్టి చెబుతాను. క్లచ్ ఎంత బలం మోయగలదనేది స్ప్రింగుల నొక్కుడు, లైనింగు పట్టు, ప్లేటు సగటు వ్యాసార్ధం, వీటి గుణకారం మీద ఆధారపడి ఉంటుంది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింబావు అంగుళాలకు మారితే వ్యాసార్ధం వల్ల వచ్చే లాభం నూటికి 9 పాళ్ళు మాత్రమే. నూనె తగిలిన లైనింగు తన పట్టులో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. కారే నూనె ఆపకుండా పెద్ద ప్లేటు వేయడమంటే చిల్లికుండకు పెద్ద మూత కొన్నట్టే.

అంబాజీపేట లోడు:

రాజోలు వారి బావమరిది చెప్పిన బటన్ ప్లేటు ఊసు ఎవరూ ఎత్తలేదు. దాన్ని కొట్టిపారేయనవసరం లేదని నా అభిప్రాయం. మా కొబ్బరి లారీలో నాలుగేళ్ళుగా అదే నడుస్తోంది. పూర్తి లోడుతో వంతెన మధ్యలో ఆగినా, తిరిగి కదలడానికి ఎప్పుడూ మొరాయించలేదు. వేడికి లొంగదు, కాస్త నూనె తగిలినా తట్టుకుంటుంది. జీపుకు మాత్రం ఎందుకు పనికిరాదు?

పాలకొల్లు షెడ్డు:

లారీకి పనికివస్తుందనడంలో నాకు అభ్యంతరం లేదు. బటన్ ప్లేటు మెత్తగా జారుతూ అందుకోదు, ఒక్క దెబ్బకు కరిచి పట్టుకుంటుంది. మీ లారీ ఇరుసులు ఆ కుదుపును లెక్కచేయవు. జీపు వెనక ఇరుసు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు దానికి లొంగుతాయి. పైగా అది ఫ్లైవీలు ముఖాన్ని త్వరగా తినేస్తుంది, వీరి ఇంజనుకు మరో ఫ్లైవీలు వెతకడం ప్లేటు వెతకడం కంటే కష్టం. పంటు మీదకు అంగుళం అంగుళం వెనక్కి జరుపుతూ ఎక్కించే బండికి మెత్తగా పట్టే క్లచ్ కావాలి. రాజోలు వారి బావమరిది గారికి నా నమస్కారాలు తెలియజేయండి.

తణుకు లేతు:

లైనింగు మార్పించే విషయంలో ఒక మాట. పాత ప్లేటుకు కొత్త లైనింగు వేయించడం చౌక పని గాని చెడ్డ పని కాదు. అయితే లైనింగు కింద ఉండే పలుచని ఉక్కు రేకులు అలలా వంగి ఉండాలి. క్లచ్ మెత్తగా అందుకోవడానికి ఆ వంపే కారణం. అవి చదునుగా అయిపోయినా, రివెట్ల దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించినా ఆ ప్లేటును పక్కన పెట్టేయాలి. బొడ్డును షాఫ్టుకు తొడిగి అటూ ఇటూ ఊపి చూడండి, కటకటమని ఆడితే దాని పళ్ళు అరిగినట్టు లెక్క. డీజిల్ ఇంజను కొట్టే దెబ్బ పెట్రోలు ఇంజను కంటే మోటుగా ఉంటుంది కాబట్టి, బొడ్డు చుట్టూ చిన్న స్ప్రింగులు ఉన్న ప్లేటే తీసుకోండి. స్ప్రింగులు లేని మొద్దు బొడ్డు వద్దు.

లైనింగు నూనె తాగి ఉంటే పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసుకుందామని చూడకండి. పైన ఆరినట్టు కనిపిస్తుంది గాని, వేడెక్కగానే లోపలి నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. ఇంకొకటి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పెట్టెలోని బూడిదను గాలి గొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. మా లేతులో ఒకప్పుడు అందరమూ ఊదినవాళ్ళమే, ఇప్పుడు ఊదనివ్వను.

ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలు ఉంటే తీసుకురండి, సన్నగా చెక్కిస్తే సరిపోతుంది. చెక్కిన మేరకు కవరు (స్ప్రింగులతో ప్లేటును ఫ్లైవీలుకు నొక్కే మూత) ముందుకు జరుగుతుంది కాబట్టి ఫింగర్లు బేరింగుకు ఆ మేరకు దూరమవుతాయి. బిగించాక పెడల్ ఆట కొత్తగా సరిచేసుకోవాలి.

రాజోలు జీపు:

మీరు చెప్పిన పరీక్షలు చేశాను. పెడల్ ఆట అంగుళం పైనే ఉంది. తెల్ల కాగితం మీద మాత్రం అయిదారు చుక్కలు పడ్డాయి. రుద్ది వాసన చూస్తే ఘాటుగా గంధకం వాసన కొట్టింది. గేరుబాక్సు దించితే, ముందు మూత వెనక గాస్కెట్టు పాలకొల్లు వారు చెప్పినట్టుగానే గుండ్రంగా కోసి, అడుగు సందును పూర్తిగా కప్పేసి ఉంది.

ప్లేటు చూస్తే మరో ఆశ్చర్యం. అంచు తొమ్మిది అంగుళాలు. బొడ్డు చుట్టూ ఉన్న రివెట్లలో ఒకవైపువి యంత్రం నొక్కినట్టు ఒకే తీరుగా ఉంటే, మిగిలినవి సుత్తితో కొట్టిన గుర్తులతో ఉన్నాయి. లైనింగు తారు పూసినట్టు మెరుస్తోంది. లోపలి రేకుల్లో రెండు చోట్ల పగుళ్ళు ఉన్నాయి. కవరులోని తొమ్మిది స్ప్రింగుల్లో రెండు నీలంగా మారి, మిగిలినవాటి పక్కన నిలబెడితే పొట్టిగా కనిపిస్తున్నాయి. ఇప్పుడు లైనింగు ఆలోచన మానేయాలా?

తణుకు లేతు:

మానేయండి. రేకు పగిలిన ప్లేటుకు లైనింగు దండగ. పొట్టి స్ప్రింగులున్న కవరు ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా నొక్కుతుంది. ప్లేటు, కవరు, రిలీజ్ బేరింగు మూడూ కొత్తవే వేయండి. క్రాంక్ చివరన, గేరుబాక్సు షాఫ్టు కొనను మోసే కంచు పైలట్ బుష్షును కూడా మార్చండి, ఖర్చు కొద్దిపాటిది. పాతదాన్ని ఉంచితే గేర్లు పడేటప్పుడు కరకరలాడతాయి. కొత్త బుష్షును ఒక రాత్రి ఇంజను నూనెలో నానబెట్టి కొట్టండి.

పాలకొల్లు షెడ్డు:

దుకాణానికి బండి పేరు తీసుకువెళ్ళకండి, గేరుబాక్సు ముందు షాఫ్టునే సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఫ్లైవీలు మీద కవరు బోల్టుల రంధ్రాలను దళసరి అట్ట మీద అద్ది, ఆ అట్ట కూడా వెంట తీసుకువెళ్ళండి. కవరు అట్టకు సరిపోవాలి, ప్లేటు ఆ కవరుకూ మీ షాఫ్టుకూ సరిపోవాలి. షాఫ్టు మీద ప్లేటు తన బరువుకు తానే జారాలి గాని ఊగకూడదు. ప్లేటు, కవరు, బేరింగు మూడూ జీపు బొమ్మ ఉన్న డబ్బాలోంచే రావాలని పట్టుబట్టకండి.

రాజోలు జీపు:

నిన్న విజయవాడ ఆటోనగర్ వెళ్ళి వచ్చాను. కవరు రెండో దుకాణంలోనే అట్టకు సరిపోయింది. ప్లేటు కోసం ఆ దుకాణం ఆయన తొమ్మిది అంగుళాలవి ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే, బల్ల మీద షాఫ్టు నిలబెట్టి తొడిగి చూశాను. కొన్ని అసలు దిగలేదు, రెండు దిగి ఊగాయి. ఏడోది మెల్లగా, దానంతటదే కిందికి జారింది. బొడ్డుకు ఆరు స్ప్రింగులు కూడా ఉన్నాయి. ఫ్లైవీలు తణుకులో ఇచ్చాను, ఎల్లుండి వస్తుంది. గాస్కెట్టు ఈసారి నేనే సందు వదిలి కోశాను. బిగించేటప్పుడు జాగ్రత్త పడవలసింది ఇంకేమైనా ఉందా?

పాలకొల్లు షెడ్డు:

బొడ్డు పొడవుగా ఉన్న వైపు ఎటు రావాలో ప్లేటు మీద చెక్కి ఉంటే దాన్ని పాటించండి, లేకపోతే గేరుబాక్సు వైపు ఉంచండి. తిరగేసి బిగిస్తే బొడ్డు ఫ్లైవీలు బోల్టులకు తగిలి క్లచ్ విడవదు, పెట్టె మళ్ళీ దించాలి. కవరు బోల్టులను ఒకటి పూర్తిగా బిగించి తర్వాతదానికి వెళ్ళకుండా, ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున బిగించండి. ప్లేటును మధ్యకు తేవడానికి షాఫ్టు కొలతకు తుమ్మకర్ర తిప్పించుకుంటే చాలు, మా షెడ్డులో ఇప్పటికీ అదే వాడుతున్నాం. మొదటి మూడు నాలుగు వందల కిలోమీటర్లు ట్రయిలరు తగిలించకండి, ఆ తర్వాత పెడల్ ఆట ఇంకోసారి చూసుకోండి. అడుగు రంధ్రానికి ఎవరైనా బిరడా కొట్టి ఉంటే తీసేయండి. మళ్ళీ నూనె కారితే మీకు తెలిసేది దాని ద్వారానే.