ఫైట్ కంటికి ఆనకపోతే తప్పెవరిది: ఎడిటర్‌దా, హాలుదా?

బ్రాడీపేట_4/7
ఈమధ్య హాల్లో చూసిన యాక్షన్ థ్రిల్లర్లలో మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా ఫైట్ అర్థమైంది ఒక్కటే, 2024లో వచ్చిన హిందీ ‘కిల్’. రైలు బోగీ, ఇరుకు నడవ. అయినా ఎవడు ఎటునుంచి వస్తున్నాడో, కత్తి ఎవడి చేతిలో ఉందో ప్రతి షాట్‌లో తెలుస్తుంది. మన పెద్ద సినిమాల్లో అంత మైదానం ఉండి కూడా ఏమీ తెలియదు. గుద్దు మొదలవుతుంది, తగిలేలోపే కట్. తర్వాతి షాట్‌లో అవతలివాడు గాల్లో ఉంటాడు. తగిలిన క్షణమేది?

కారణం తెలిసిందే. హీరో డేట్లు తక్కువ, రిహార్సల్ ఇంకా తక్కువ. రోప్ కట్టి డూప్‌తో తీస్తారు. డూప్ ముఖం కనపడకూడదు కాబట్టి వీపు వైపు నుంచి ఒక షాట్, వెంటనే హీరో క్లోజప్, మళ్ళీ వీపు. అవి ముఖం దాచడానికి పడే కట్లు, వేగం కోసం కాదు. ‘జాన్ విక్ 4’ (2023)లో కెమెరా పైనుంచి గది గదికీ జరిగే షాట్ అంతసేపు ఎట్టా నిలబడింది? తీసిన చాడ్ స్టాహెల్‌స్కీ ‘మ్యాట్రిక్స్’లో ఇదే హీరో కియాను రీవ్స్‌కి డూప్. హీరో చేత నెలల తరబడి సాధన చేయించాడు. ముఖం దాచాల్సిన పనే తక్కువ.

ఏలూరురోడ్డు_క్యాబిన్
కట్ల లెక్కతో తేల్చేస్తే ఎట్టాగండీ. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) రెండు గంటల సినిమా, కట్లు 2,700 దాకా. సగటున షాట్‌కి మూడు సెకన్లు కూడా లేదు. ఎక్కడైనా తికమక పడ్డామా? చూడాల్సిన వస్తువు ఎప్పుడూ తెర నడిమధ్యనే పెట్టారు. షాట్ మారినా కన్ను వెతుక్కోనక్కర్లేదు. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కార్ ఇచ్చింది ఆ పనికే.

మీరు చూసిన హాలు సంగతి చెప్పండి ముందు. 2డీకి తెర మీద వెలుగు 14 ఫుట్-లాంబర్ట్ (తెర వెలుగుని కొలిచే లెక్క) ఉండాలి. ప్రొజెక్టర్‌లోని జెనాన్ ల్యాంప్‌ని దాని గంటలు అయిపోయాక కూడా లాగిస్తే వెలుగు పడిపోతుంది. 3డీ ఆట అయ్యాక ప్రొజెక్టర్ ముందు 3డీ కోసం పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తీయకుండా 2డీ వేస్తే మిగిలిందీ పోతుంది. క్యాబిన్ అద్దం మీద దుమ్ము సరేసరి. ఆ తెర మీద రాత్రి, వాన, నల్ల చొక్కాల ఫైట్ వేస్తే ఎంత బాగా ఎడిట్ చేసినా ఏం ఆనుతుంది?

సౌండ్ కూడా అంతే. మిక్సింగ్ చేసేది ఫేడర్ (హాలు మొత్తం సౌండ్ పెంచే, తగ్గించే మీట) 7 దగ్గర. మన హాళ్ళలో చాలాచోట్ల 5 మీద నడుపుతారు.

లక్ష్మీపురం_ఫస్ట్‌షో
ఇంకో సంగతి. ‘హిట్ 3’, ‘ఓజీ’ రెండూ ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాలు. 18 నిండని వాళ్ళని అసలు లోపలికి వదలకూడదు. 2024 నిబంధనల్లో వచ్చిన యూఏ 7+, 13+, 16+ తల్లిదండ్రులకు సూచన మాత్రమే. రెండింటికీ తేడా గేటు దగ్గరివాళ్ళకి కూడా తెలియడం లేదు.

బ్రాడీపేట_4/7
ఫేడర్ 7 పెడితే చెవులు పగులుతాయి. ట్రైలర్లు చాలు సాక్ష్యానికి. 5లో డైలాగు వినపడకపోతే అది మిక్సింగ్ తప్పే.

ఏలూరురోడ్డు_క్యాబిన్
కాదు. ఆ ఫేడర్‌లో 4 నుంచి 10 దాకా ఒక్కో అంకెకీ 3.3 డెసిబెల్స్ తేడా. 7 నుంచి 5కి దించితే దాదాపు 6.7. అంటే శబ్దశక్తి ఐదో వంతుకు వస్తుంది. ముందు చచ్చేది గుసగుసలు, ఆ తర్వాత బేస్. పేలుళ్ళు మాత్రం ఇంకా వినపడుతూనే ఉంటాయి. అందుకే మీకు ‘అంతా మోతే, మాట లేదు’ అనిపిస్తుంది.

బ్రాడీపేట_4/7
మరి మోత తగ్గించి మిక్స్ చేయొచ్చుగా? హాలువాళ్ళు 5 పెడతారని తెలిసీ వీళ్ళు ఇంకా గట్టిగా మిక్స్ చేస్తారు. అది చూసి వాళ్ళు 4.5కి దించుతారు. ఎవరు మొదలుపెట్టారు?

ఏలూరురోడ్డు_క్యాబిన్
ఎవరు మొదలుపెట్టినా ఫేడర్ హాలు చేతిలో ఉంది. ఇక్కడే ఒక హాల్లో సరౌండ్ స్పీకర్లు ఒక పక్క మొత్తం మూగ. కారు ఎడమ నుంచి కుడికి పోతే సగం దారిలో చప్పుడు ఆగిపోతుంది. మేనేజర్‌కి చెబితే ‘సినిమానే అంత’ అన్నాడు.

కృష్ణలంక_కుర్రోడు
5 సరిపోద్ది అన్నా. వదిలెయ్యండి.

గాంధీనగర్_మాస్
ఒక పూటంతా 5, 7 అని కొట్టుకుంటున్నారు. హాల్లో జనం ఫేడర్ వినడానికి రారు. బ్రాడీపేట గారికి తెలుగు హీరో నడిస్తే స్లో మోషన్, ఇంగ్లీషోడు నడిస్తే స్టైలు. ఎప్పుడు రాసినా ఇదే ఏడుపు. మొదటి ఆట గోల పడకపోతే ఓటీటీలో చూసుకోండి, మా మీద పడతారేంది?

బ్రాడీపేట_4/7
టికెట్ నేనూ కొంటున్నా. ఎక్కడ చూడాలో మీరు చెప్పొద్దు.

స్లో మోషన్ అన్నారుగా, లెక్క చూడండి. సెకనుకు 120 ఫ్రేములు తీసి 24లో ఆడిస్తే ఒక సెకను ఐదు సెకన్లవుతుంది. రెండు సెకన్ల నడక పది సెకన్లు. తర్వాత విలన్ ముఖం, పడిపోయినవాడి ముఖం, మళ్ళీ నడక. ముప్పై సెకన్లు అయిపోయాయి, ఒక్క దెబ్బ పడలేదు. అసలు దెబ్బలు వచ్చేసరికి మాత్రం అర సెకను షాట్లు. ఈలలకి ఖాళీ వదిలి ఫైట్‌ని ఇరికిస్తున్నారు. ఆ ముప్పై సెకన్లలోనే గెలిచేది ఎవరో చెప్పేశారు కదా, ఇక థ్రిల్లర్ అని పోస్టర్ మీద ఎందుకు? నేను తిట్టేది కట్లని కూడా కాదు, దాన్ని.

ఏలూరురోడ్డు_క్యాబిన్
ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఫేడర్ దాకా వచ్చేవాళ్ళం కాదు.

గాంధీనగర్_మాస్
గెలుస్తాడని తెలిసే వస్తాం. ఎట్టా గెలుస్తాడో చూడ్డానికి వస్తాం. హీరో ఓడిపోతాడేమోనని భయపడటానికి డబ్బులిచ్చి ఎందుకు రావాలి?

బ్రాడీపేట_4/7
1989లో ‘శివ’ తీసిన రామ్‌గోపాల్ వర్మ మీ బెజవాడలోనే ఇంజినీరింగ్ చదివాడు. అందులో హీరో అన్నకూతురిని సైకిల్ ఎక్కించుకుని సందుల్లో పారిపోతాడు. వెనక గూండాలు. స్టెడీక్యామ్ (ఒంటికి కట్టుకుని కుదుపు లేకుండా తీసే కెమెరా) వాళ్ళతో పాటే పరిగెడుతుంది. ఏ సందు ఎటు తిరుగుతుందో, వాళ్ళెంత దూరంలో ఉన్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది. హీరో భయపడ్డాడు, పారిపోయాడు. అతని స్థాయి తగ్గిందా? చైన్ లాగిన షాట్‌కీ ఈల పడింది, ఈ సైకిల్‌కీ ఊపిరి బిగపట్టారు. ‘ఖైదీ’ (2019) తీసుకోండి. ఒక్క రాత్రి కథ, పాటల్లేవు, మొదట్లో చేతులకి బేడీలు. కార్తి కత్తిపోట్లు తిని నెత్తురోడ్చాకే క్లైమాక్స్‌లో మెషిన్ గన్ పట్టుకుంటాడు.

గాంధీనగర్_మాస్
ఆ మెషిన్ గన్ దగ్గర హాలు లేచి నిలబడింది. అది ఎలివేషనే కదా!

బ్రాడీపేట_4/7
ఎలివేషనే. నాకూ ఒళ్ళు జలదరించింది. రెండు గంటలు దెబ్బలు తిన్నాక వచ్చింది కాబట్టి. మీరు దాన్ని పదో నిమిషంలో అడుగుతున్నారు.

గాంధీనగర్_మాస్
పదో నిమిషంలో ఒకటి, ఇంటర్వెల్‌కి ఒకటి, చివర్లో ఒకటి. మొదటిది లేకపోతే పొద్దున ఆట నుంచి బయటికొచ్చినవాడు ఫోన్‌లో ‘యావరేజ్’ అని చెప్తాడు, మ్యాట్నీ ఖాళీ. ‘ఖైదీ’ నెమ్మదిగా మౌత్ టాక్‌తో నిలబడింది. పెద్ద బడ్జెట్ సినిమాకి అంత టైం ఎవడిస్తాడు?

బ్రాడీపేట_4/7
ఇంటర్వెల్‌ది నాకు వదిలెయ్యండి. అక్కడన్నా హీరో కింద పడనివ్వండి.

గాంధీనగర్_మాస్
ఇంటర్వెల్‌లో కింద పడితే క్యాంటీన్ దగ్గర ఏం మాట్లాడుకుంటామండీ? కుదరదు.