చవక బోర్డు + 16 జీబీ కార్డా? మంచి బోర్డు + 8 జీబీ కార్డా? మీరే తేల్చండి

మొదటిసారి_కడుతున్నా
రైజెన్ 5 7600 ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ కొనేశాను. మిగిలిన డబ్బుకి రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, చవక ఏ620 మదర్‌బోర్డు పెట్టి ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డులో 16 జీబీ మెమరీది తీసుకోవడం. రెండు, కాస్త మంచి బీ650 బోర్డు పెట్టి అదే కార్డులో 8 జీబీతో సరిపెట్టుకోవడం. బోర్డుల మధ్య తేడా, కార్డుల మధ్య తేడా ఇంచుమించు ఒక్కటే కాబట్టి ఒక చోట పెడితే ఇంకో చోట కోత తప్పదు. ఆడేది ఎక్కువగా కథ ఉన్న పెద్ద గేములు. మూడు రోజులుగా వీడియోలు చూస్తున్నాను, చూసినకొద్దీ తల తిరుగుతోంది.

ఫ్రేములపిచ్చి
మొదటిది. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. బోర్డు ఒక్క ఫ్రేము (సెకనుకు తెరమీద మారే బొమ్మ) కూడా ఇవ్వదు. అదే 7600ని ఏ620లో పెట్టినా బీ650లో పెట్టినా గేములో తేడా మీ కంటికి ఆనదు. 8 జీబీ, 16 జీబీ తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పునాది_ముఖ్యం
ఆగండి ఆగండి. "బోర్డు ఫ్రేములు ఇవ్వదు" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. ఫ్రేములు ఇవ్వదు, నిజమే. పోగొట్టగలదు. ప్రాసెసర్‌కి కరెంటును సర్ది పంపేది బోర్డు మీది వీఆర్ఎం. చాలా చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ ఉండదు. మా బావమరిదికి అలాంటి బోర్డు మీదే 8 కోర్ల ప్రాసెసర్ పెట్టి ఇచ్చాను. పది నిమిషాలు బ్రహ్మాండంగా ఆడేది, ఆ తర్వాత ప్రాసెసర్ వేగం సగానికి పడిపోయేది. ప్రాసెసర్ వేడి చూస్తే మామూలుగానే ఉంది. ర్యామ్ మార్చాం, విండోస్ రెండుసార్లు వేశాం, పవర్ సప్లై మార్చాం. చివరికి కేసు తెరిచి వీఆర్ఎం దగ్గర వేలు పెట్టాను. ఆ బొబ్బ తగ్గడానికి వారం పట్టింది.

ఫ్రేములపిచ్చి
మీ బావమరిదిది 8 కోర్ల ప్రాసెసర్. ఈయనది 7600. 65 వాట్ల రకం, ఎంత తొక్కినా 88 వాట్ల దగ్గర ఆగుతుంది. అసలు ఏ620ని తెచ్చిందే 65 వాట్ల ప్రాసెసర్ల కోసం. మీ వేలికి, ఆయన బోర్డుకి సంబంధం ఏమిటి?

లేన్ల_లెక్క
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. 5060 టీఐ 8 లేన్ల కార్డు, అంటే బోర్డుతో డేటా మార్చుకునే దారులు ఎనిమిదే. స్లాట్ 16 లేన్లదే అయినా అది వాడుకునేది 8. పైగా అది పీసీఐఈ (ఆ దారుల ప్రమాణం) 5.0 కార్డు. ఏ620 ఇచ్చేది దాని ముందు తరం 4.0. అంటే కార్డుకి రావాల్సిన దారిలో సగం పోయినట్టే. కాబట్టి బీ650 తీసుకోవాలి.

ఫ్రేములపిచ్చి
@లేన్ల_లెక్క బీ650లోనూ గ్రాఫిక్స్ స్లాట్ మామూలుగా 4.0నే. 5.0 కావాలంటే బీ650ఈ తీసుకోవాలి, అది ఈయన బడ్జెట్‌కి అందదు. మీ లెక్క ప్రకారమే రెండు బోర్డులూ ఒక్కటి.

లేన్ల_లెక్క
అయినా 8 లేన్లు 8 లేన్లే కదా. నేను తెలియక దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. 4.0 వస్తుందని ఏరికోరి బీ550 బోర్డు కొన్నాను. అందులో పెట్టింది రైజెన్ 5 5500. ఆ ప్రాసెసర్ ఏ బోర్డులో పెట్టినా ఇచ్చేది 3.0 మాత్రమే. తప్పు నాదే, స్పెక్ షీటులో ఆ లైను చదవలేదు. పెట్టిన కార్డేమో ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ, నాలుగంటే నాలుగే లేన్లు. 16 లేన్ల 4.0 అయితే సెకనుకు 32 జీబీ దారి. నాకు దక్కింది 4 జీబీ.

రాత్రి_షిఫ్ట్
మానిటర్ ఏమిటో ఎవరైనా అడిగారా?

పునాది_ముఖ్యం
@ఫ్రేములపిచ్చి ఈరోజు 7600. రేపు? ఏఎం5ని, అంటే ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకాన్ని, 2027 దాకా, ఆ పైన కూడా కొనసాగిస్తామని రైజెన్ తయారుచేసే ఏఎండీ చెప్పింది. మూడేళ్ల తర్వాత ఈయన ఇంకో ప్రాసెసర్ వేసుకోవాలనుకుంటాడు. 2017లో వచ్చిన బీ350 బోర్డుల్లో 2022 నాటి 5800ఎక్స్3డీ ప్రాసెసర్ నడిచింది. బోర్డు సరిగ్గా ఉంటే పీసీ అంతా మార్చే పని తప్పుతుంది.

ఫ్రేములపిచ్చి
నడిచింది. ఎలా నడిచిందో కూడా చెప్పండి. 2020 మేలో ఏఎండీ 400 సిరీస్ బోర్డులకే కొత్త ప్రాసెసర్లు కుదరవంది. జనం గోల చేస్తే దిగొచ్చింది. బీ350 లాంటి 300 సిరీస్ వాళ్లయితే 2022 దాకా ఎదురుచూశారు. అదీకాక ఏ620 కూడా ఏఎం5నే. రేపు ఎవరైనా అందులో 7800ఎక్స్3డీ పెట్టినా, అది పేరుకి 120 వాట్లే గానీ గేముల్లో అంత తాగదు.

ఇప్పుడు నా కథ వినండి. నా పాత కార్డు 8 జీబీది, తమ్ముడిది 12 జీబీది. శక్తిలో నాదే పైచేయి. కొన్న ఏడాది వాడిని తెగ ఏడిపించాను. రెండేళ్లకి కథ తిరగబడింది. అదే గేము, అదే సెట్టింగు. నా తెరమీద పక్కగోడ మీది రాతలు మైనంలా కరిగి ఉండేవి. నేను వాటి ముందు నిలబడితే రెండు సెకన్లకి అక్షరాలు తేరుకునేవి, వెనక్కి తిరిగితే మళ్లీ కరిగేవి. కౌంటర్ మాత్రం 70 ఫ్రేములు చూపిస్తూనే ఉండేది. వాడి కార్డులో ఫ్రేములు తక్కువ, గోడ మాత్రం గోడలాగే ఉండేది.

మొదటిసారి_కడుతున్నా
@రాత్రి_షిఫ్ట్ ఇప్పుడున్నది 1080పీ, 60 హెర్ట్జ్. వచ్చే ఏడాది 1440పీ కొనాలని ఉంది.

చుట్టపుచూపు
ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూడండి. దానికి 16 లేన్లు. లేన్ల గారికి కూడా మనశ్శాంతి.

మొదటిసారి_కడుతున్నా
చూశానండి. నాకు డీఎల్‌ఎస్‌ఎస్ (ఎన్విడియా కార్డుల్లోనే ఉండే, ఫ్రేములు పెంచే సాఫ్ట్‌వేర్) కావాలి, అందుకే 5060 టీఐ దగ్గర ఆగాను.

పునాది_ముఖ్యం
1080పీ 60 హెర్ట్జ్! విన్నారా? ఈ తెరకి 8 జీబీ కార్డు చాలు. ఒక్క సెట్టింగు తగ్గించుకుంటే అయిపోయేదానికి బోర్డుని బలి చేయమంటున్నారు.

ఫ్రేములపిచ్చి
కొత్త పీసీ కట్టుకుని మొదటి రోజే సెట్టింగు తగ్గించుకోవాలా? మీ ప్రాసెసర్ గురించైతే మూడేళ్ల తర్వాతి లెక్క, కార్డు గురించైతే ఈరోజు లెక్క. భలే ఉంది మీ తక్కెడ.

@లేన్ల_లెక్క మీరు ఇంతసేపు పట్టుకున్న పాయింటు నా వైపే పనిచేస్తుంది, గమనించారా? 5060 టీఐ సొంత మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. 4.0లో 8 లేన్ల దారి సుమారు 16 జీబీ. సరుకంతా కార్డులోనే పడితే ఆ దారితో పెద్దగా పనిలేదు. పట్టకపోతే పొంగింది మామూలు ర్యామ్‌లోకి పోతుంది, ప్రతిసారీ ఆ సన్న దారిలోంచే రావాలి. అంటే ఈ 8 లేన్ల బాధ ముందుగా తగిలేది 8 జీబీ కార్డుకే. మీ 6500 ఎక్స్‌టీలో ఉన్నది 4 జీబీ. మీకు జరిగిందీ ఇదే.

లేన్ల_లెక్క
అది సరే. 8 లేన్లు ఎందుకిచ్చాడు అన్నది నా ప్రశ్న.

పునాది_ముఖ్యం
పుస్తకం లెక్కలు బాగానే చెబుతారు. ఎంతమందికి పీసీ కట్టి ఇచ్చారు మీరు?

ఫ్రేములపిచ్చి
నాకు రెండు, తమ్ముడికి ఒకటి. ఎందుకు, లైసెన్సు కావాలా?

పునాది_ముఖ్యం
నేను పదకొండు కట్టాను. కార్డు చాలలేదని ఇంతవరకు ఒక్కరూ నాకు అర్ధరాత్రి ఫోన్ చేయలేదు. వాళ్లే సెట్టింగు తగ్గించుకుని ఆడుకుంటారు. పీసీ లేవకపోతే చేస్తారు. "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది." ర్యామా, ప్రాసెసరా, కార్డా, ఏదని చెప్పను ఫోన్‌లో? చవక బోర్డుల్లో చాలావాటికి ఎక్కడ ఆగిందో చూపించే లైటు కూడా ఉండదు. బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) పాడైతే పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కడానికి ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండదు. ఆదివారాలు నావి పోతాయి. మీలాంటివాళ్లు "బోర్డులో మిగిల్చేయ్" అని ఒక లైను రాసి వెళ్లిపోతారు.

ఫ్రేములపిచ్చి
ఇప్పుడు బయటపడింది. మీ సలహా ఆయన బాగా ఆడుకోవడానికి కాదు, మీకు ఫోన్ రాకుండా ఉండటానికి! ఆ పదకొండు మందీ గొణుక్కోకుండా సెట్టింగు తగ్గించుకున్నారని మీకెలా తెలుసు? మీకు చెప్పి ఉండరంతే. "అన్న ఇంత కష్టపడి కట్టి ఇచ్చాడు, ఏమంటాం" అనుకుని ఊరుకుని ఉంటారు.

చర్చ_నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. ప్రశ్న అడిగినాయన ఇక్కడే ఉన్నాడు.

ఫ్రేములపిచ్చి
తగ్గుతా, ఒక్క మాట చెప్పి. నేను కూడా ఒకప్పుడు ఈ "రేపటి" మాట నమ్మినవాడినే. నా మొదటి పీసీకి దొరికిన వాటిలో పెద్ద బోర్డు కొన్నాను. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండో కార్డుకి స్లాటు, ఓవర్‌క్లాక్‌కి బటన్లు. దానికి పోను మిగిలిన డబ్బుకి చిన్న కార్డు. ఏడేళ్లు వాడాను. ఆ ఏడేళ్లలో ప్రాసెసర్ మార్చలేదు, రెండో కార్డు పెట్టలేదు. రెండు ర్యామ్ స్లాట్లకి దుమ్ము పట్టింది. పక్కవాళ్లు ఆడుతుంటే చూసిన గేములు ఎన్నో. ఆ "రేపు" రాలేదండీ నాకు.

పునాది_ముఖ్యం
అది పెద్ద బోర్డు. నేను చెప్పేది పెద్ద బోర్డు గురించి కాదు. వీఆర్ఎం మీద హీట్‌సింక్, నాలుగు లైట్లు, ఒక బటన్. అంతకు మించి నేనూ అడగను. ఏడేళ్లు మీరు ఆడలేకపోయారన్నది నిజంగా బాధే. అయినా ఆ ఏడేళ్లూ అది ఒక్కసారైనా మొరాయించిందా? చెప్పండి.

ఫ్రేములపిచ్చి
లేదు. మొరాయించలేదు. ఒప్పుకుంటున్నా.

రాత్రి_షిఫ్ట్
@మొదటిసారి_కడుతున్నా రెండు ప్రశ్నలు. పీసీ లేవకపోతే వచ్చి చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎస్‌ఎస్‌డీ ఎంతది రాసుకున్నారు?

మొదటిసారి_కడుతున్నా
ఎవరూ లేరండి. ఇక్కడ అడగడమే. ఎస్‌ఎస్‌డీ 2 టీబీ అనుకున్నాను, ఇంకా కొనలేదు.

రాత్రి_షిఫ్ట్
అయితే 1 టీబీ తీసుకోండి. ఆ మిగులుతో 16 జీబీ కార్డు ఉంచుకుని, బీ650ల్లో అడుగున ఉండే మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డు చూడండి. వైఫై లేనిదైతే ఇంకా తగ్గుతుంది. చవక ఏ620ల్లో ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు చాలావరకు ఒక్కటే ఉంటుంది. బీ650లో మామూలుగా రెండు. ఎస్‌ఎస్‌డీ ఒక్కటీ నిజంగా తర్వాత కొనుక్కోగలిగేది. స్క్రూ తిప్పి పెట్టుకోవడమే. కార్డు మెమరీని తర్వాత పెంచుకోలేరు, బోర్డు మార్చాలంటే అంతా విప్పాలి.

పునాది_ముఖ్యం
కొనేముందు బోర్డు ఫొటోలో పవర్ కనెక్టర్ పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. అన్నింటికీ ఉండవు.

ఫ్రేములపిచ్చి
16 జీబీ ఉంటే చాలు, నాకు గొడవ లేదు. ఆయన లైట్లు ఆయన పెట్టుకోమనండి.

లేన్ల_లెక్క
8 లేన్ల సంగతి ఇంకా తేలలేదు.

మొదటిసారి_కడుతున్నా
ఐదు రోజుల తర్వాత వచ్చాను. రాత్రి_షిఫ్ట్ గారు చెప్పినట్టే కొన్నాను. ఇప్పుడే కట్టడం అయింది. ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. బోర్డు మీద డీర్యామ్ అన్న చోట లైటు వెలుగుతోంది. ఆరిపోవడం లేదు. ర్యామ్ పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది, విప్పేయనా?

పునాది_ముఖ్యం
ఏదీ ముట్టుకోకండి!! పవర్ తీయకండి. డీడీఆర్5 మొదటిసారి లేచేటప్పుడు బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుని సర్దుకుంటుంది. ఏఎం5లో దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో తానే ఒకసారి ఆగి లేచినా కంగారు పడొద్దు. పదిహేను నిమిషాలు ఆ గదిలోంచి బయటికి వెళ్లండి.

మొదటిసారి_కడుతున్నా
వచ్చింది! వచ్చింది!! లైటు ఆరింది, బయోస్ తెర వచ్చింది. ఆ లైటు లేకపోతే ఈపాటికి ప్రాసెసర్ పీకేసి ఉండేవాడిని.

పునాది_ముఖ్యం
బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే ర్యామ్ 4800 దగ్గరే ఉండిపోతుంది. ఆన్ చేశాక మళ్లీ కాసేపు నల్ల తెర వస్తే భయపడకండి.

మొదటిసారి_కడుతున్నా
చేశాను. విండోస్ వేశాను, గేము వేశాను. 11 ఫ్రేములు వస్తున్నాయి. అన్నీ తగ్గిస్తే 19. ఫ్రేములపిచ్చి గారూ, 16 జీబీ అన్నారు కదండీ?

ఫ్రేములపిచ్చి
మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారు?

మొదటిసారి_కడుతున్నా
వెనకాల, హెచ్‌డీఎంఐలో. యూఎస్‌బీలు ఉన్నాయి కదా, వాటి పక్కన.

ఫ్రేములపిచ్చి
అది బోర్డుది. మీరు ఆడుతున్నది 7600 లోపలుండే చిన్న గ్రాఫిక్స్ మీద. కింద అడ్డంగా ఉన్న పోర్టులు కార్డువి, అక్కడికి మార్చండి. ఇన్ని రోజులు కార్డు కోసం ఒంటరిగా పోట్లాడితే, చివరికి కేబుల్ కూడా పునాది గారి పార్టీలోనే చేరింది.